ఏ మందు అని అడిగే ముందు

దగ్గు మొదలై తొమ్మిది రోజులైంది. జ్వరం రెండో రోజే పోయింది, ముక్కు కారడం ఆగింది, పనులు మామూలుగానే సాగుతున్నాయి. రాత్రి పడుకోబోయే వేళకు మాత్రం గొంతులో గరగర మొదలై అరగంట సేపు మనిషిని కుదిపేస్తోంది. సిరప్ సీసా ఒకటి అయిపోయింది. ఇంట్లోవాళ్లు "ఇంకా తగ్గలేదా?" అంటున్నారు. ఆఫీసులో పక్క సీటు మనిషి "ఛాతీలోకి దిగి ఉంటుంది, యాంటీబయాటిక్ పడాల్సిందే" అని తేల్చేశాడు. పదో రోజు ఆ మాత్రలు మొదలయ్యాయి. పదిహేనో రోజుకి దగ్గు బాగా నెమ్మదించింది. ఇక ఆ మందు పేరు ఆ ఇంట్లో స్థిరపడిపోతుంది. వచ్చే ఏడాది ఎవరు దగ్గినా ముందు నోటికొచ్చేది ఆ పేరే.

ఇందులో ఎవరూ అబద్ధం చెప్పలేదు, ఎవరికీ చెడు ఉద్దేశమూ లేదు. లోపమల్లా ఒక్కటే. జలుబు వెనకాల వచ్చే దగ్గు మామూలుగా ఎన్నాళ్లుంటుందో అక్కడ ఎవరికీ తెలియదు. 2013లో అమెరికాలో సరిగ్గా ఈ సంగతి మీదే ఒక పరిశీలన అచ్చయింది. ఇలాంటి దగ్గు ఎన్ని రోజుల్లో తగ్గాలని మామూలు జనాన్ని అడిగితే ఏడు నుంచి తొమ్మిది రోజులన్నారు. అంతకుముందు జరిగిన అధ్యయనాలను కలిపి లెక్క తీస్తే సగటున దాదాపు 18 రోజులని తేలింది. అంటే జనం మనసులో పెట్టుకున్న గడువు తీరేనాటికి దగ్గు ఇంకా సగం దారిలోనే ఉంటుంది. సలహాలు అడగడం, మందు మార్చడం, డాక్టరును మార్చడం అన్నీ జరిగేది ఆ మిగతా సగంలోనే. జలుబుతో వచ్చే దగ్గుకు చాలావరకు కారణం వైరస్. యాంటీబయాటిక్ వైరస్‌ను ఏమీ చేయలేదు. కళ్లె పసుపుపచ్చగానో ఆకుపచ్చగానో మారినంత మాత్రాన అది బ్యాక్టీరియా పని అనుకోవడానికీ లేదు.

కాకి వాలింది, తాటిపండు రాలింది. ఈ పొరపాటుకు కాకతాళీయమని మన భాష ఎప్పుడో పేరు పెట్టేసింది. గణాంకాల వైపు నుంచి దీనికి దగ్గరి వివరణ 1886లో ఫ్రాన్సిస్ గాల్టన్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త ఇచ్చాడు. ఆయన చూసింది తల్లిదండ్రుల ఎత్తులూ పిల్లల ఎత్తులూ. బాగా పొడుగైన వాళ్ల పిల్లలు పొడుగే, కానీ సగటు వైపు కొంత జరిగి ఉంటారు. అంచుకు వెళ్లినది మళ్లీ నడిమికి రావడం బాధల విషయంలోనూ కనిపిస్తుంది. నడుంనొప్పి ఈ వారం కాస్త ఎక్కువ, వచ్చే వారం కాస్త తక్కువ. మనిషి సలహా కోసం బయల్దేరేది అది భరించలేనంతగా ఉన్న రోజున. ఆ రోజు ఏం చేసినా, ఏమీ చేయకపోయినా, తర్వాతి రోజుల్లో తగ్గే అవకాశమే ఎక్కువ. అందుకే మామూలు బాధలకు సలహా చెప్పినవాళ్లందరికీ మంచి హస్తవాసి ఉన్నట్టే కనిపిస్తుంది.

కాబట్టి ఇలాంటి బాధతో ఎవరి దగ్గరకు వెళ్లినా మొదట రాబట్టుకోవలసింది మందు పేరు కాదు. జబ్బు పేరు కూడా రెండోదే. అంతా సవ్యంగా ఉంటే ఇది ఎన్నాళ్లలో తగ్గాలి, తగ్గకుండా పోతే ఎలా తెలుస్తుంది అన్న రెండు సంగతులు తెలిస్తే, మందు విషయం చాలాసార్లు దానంతటదే చిన్నదైపోతుంది.

వెయ్యిమందిలో ఎందరు?

1961లో కెర్ వైట్, మరో ఇద్దరు పరిశోధకులు ఒక లెక్క ప్రచురించారు. వెయ్యిమంది పెద్దవాళ్లను తీసుకుంటే ఒక నెలలో 750 మందికి ఏదో ఒక అనారోగ్యమో దెబ్బో ఉంటుంది. డాక్టరు దాకా వెళ్లేది 250 మంది. ఆస్పత్రిలో చేరేది తొమ్మిదిమంది. నలభై ఏళ్ల తర్వాత 2001లో అమెరికాలో పిల్లల్ని కూడా కలుపుకుని మళ్లీ లెక్కవేస్తే 800 మందికి ఏవో లక్షణాలు, 327 మందికి వైద్యం చేయించుకోవాలన్న ఆలోచన, 217 మంది డాక్టరు గది దాకా, ఎనిమిదిమంది ఆస్పత్రిలో. మధ్యలో మందులు మారాయి, యంత్రాలు మారాయి, ఆస్పత్రుల రూపురేఖలే మారాయి. నిష్పత్తి మాత్రం పెద్దగా కదల్లేదు.

మరి డాక్టరు దగ్గరకు వెళ్లని ఆ అయిదారు వందల మంది ఏం చేస్తున్నట్టు? కొందరు ఊరుకుంటారు. చాలామంది ఎవరినో ఒకరిని అడుగుతారు. ఇలా ఒకరి నుంచి ఒకరికి సాగే సంప్రదింపుల వలయాన్ని సామాజిక శాస్త్రవేత్త ఎలియట్ ఫ్రీడ్‌సన్ 1960లోనే గుర్తించి రాశాడు. ముందు ఇంట్లోవాళ్లు, తర్వాత స్నేహితులు, ఆ తర్వాత "ఇలాంటివి బాగా తెలిసిన" ఒక పరిచయస్తుడు, ఆఖరున డాక్టరు. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లాలో, అసలు వెళ్లాలో అక్కర్లేదో తేల్చేది కూడా ఈ వలయమే. దీన్ని అజ్ఞానమని కొట్టిపారేసేవాళ్లు ఒక సంగతి మరిచిపోతారు. ఆ 750 మందీ ఒక్కసారిగా వచ్చి వరసలో నిలబడితే ఏ దేశంలోని వైద్య వ్యవస్థా ఒక్క రోజు కూడా నిలవదు. జల్లెడ పని ఇంటి దగ్గర జరుగుతోంది కాబట్టే క్లినిక్‌లు నడుస్తున్నాయి. చూడవలసిందల్లా ఆ జల్లెడ కన్నాలు ఏ సైజులో ఉన్నాయన్నదే.

మనిషి ఎప్పుడు కదులుతాడు?

బాధ ముదిరినప్పుడు మనిషి సలహాకు వెళతాడని అనుకుంటాం. ఇర్వింగ్ జోలా అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త అలా కాదని చూపించాడు. ఎన్నాళ్లుగానో ఉన్న లక్షణంతో రోగి ఫలానా రోజునే ఎందుకు వచ్చాడన్నది ఆయన ప్రశ్న. 1973లో ఆయన రాసిన వ్యాసంలో ఐదు ప్రేరణలు కనిపిస్తాయి. ఇంట్లో ఒక గొడవో దుఃఖమో జరిగి ఒంటి మీదకు దృష్టి మళ్లడం. ఆ బాధ వల్ల నలుగురిలో తిరగడానికి ఇబ్బంది రావడం. పక్కవాళ్లు పోరడం. పనికి అడ్డం పడటం. చివరిది, "సోమవారానికి తగ్గకపోతే చూపించుకుంటా" అని తనకు తానే గడువు పెట్టుకోవడం.

ఈ అయిదింటిలోనూ జబ్బు తీవ్రత ఒక్కటీ లేదు. ప్రమాదం లేని దురద నలుగురి కంట పడుతుంది కాబట్టి త్వరగా చూపించుకుంటారు. ప్రమాదకరమైన గడ్డ నొప్పి పెట్టదు, బట్టల చాటున ఉంటుంది, పనికి అడ్డం రాదు. అది నెలల తరబడి అలాగే ఉండిపోతుంది. నొప్పి లేకపోవడాన్ని జనం మంచి సూచనగా తీసుకుంటారు. రొమ్ములోనో మెడ దగ్గరో కొత్తగా తగిలిన గట్టి గడ్డ విషయంలో ఈ ధైర్యానికి ఆధారం లేదు.

ఐదో ప్రేరణ మాత్రం మిగతా నాలుగింటి లాంటిది కాదు. అందులో ఒక ఆలోచన ఉంది. తంటా ఏమిటంటే ఆ సోమవారం ఎక్కడి నుంచి వచ్చిందన్నదే. సెలవు అయిపోతుందనో, ప్రయాణం ఉందనో పెట్టుకున్న సోమవారం శరీరానికి తెలియదు. జబ్బు నడకను బట్టి పెట్టుకున్న గడువు అయితే దానికన్నా మంచి పనిముట్టు ఇంట్లో మరొకటి లేదు.

ఆ నడకలు తెలియనివేమీ కాదు. జలుబుకు రెండొందలకు పైగా వైరస్‌లు కారణం. పెద్దవాళ్లకు ఏడాదికి రెండు మూడుసార్లు, చిన్నపిల్లలకు అంతకు రెట్టింపు రావడం మామూలే. ఏడు నుంచి పది రోజులు పడుతుంది, రెండో మూడో రోజున అన్నిటికన్నా ఎక్కువగా ఉంటుంది. గొంతునొప్పి చాలామందికి వారంలో పోతుంది. వాంతులు ఒకటి రెండు రోజులు, నీళ్ల విరేచనాలు అయిదు నుంచి ఏడు రోజులు. అక్కడ భయం జబ్బు గురించి కంటే ఒంట్లో నీరు తరిగిపోవడం గురించి ఉండాలి. పెద్ద కారణమేదీ లేని నడుంనొప్పి చాలామందిలో నాలుగు నుంచి ఆరు వారాల్లో బాగా మెరుగవుతుంది.

నడుంనొప్పి దగ్గర కాస్త ఆగాలి. గడువు తెలియకపోతే మనిషి ఎంత దూరం కొట్టుకుపోతాడో ఇక్కడ కనిపించినంత బాగా ఇంకెక్కడా కనిపించదు. రెండో వారానికి ఓపిక నశించి ఎమ్మారై తీయిస్తారు. రిపోర్టులో డిస్కు అరిగిందనో, ఉబ్బిందనో వస్తుంది. ఆ రోజు నుంచి మనిషి వంగడానికి భయపడతాడు, బరువెత్తడు, కుర్చీలో కూర్చునే తీరే మారిపోతుంది. 2015లో నొప్పి అసలే లేని మూడు వేల పైచిలుకు మంది స్కాన్ల లెక్కలను ఒకచోట చేర్చి చూశారు. ఇరవై ఏళ్ల వాళ్లలోనే 37 శాతం మందికి డిస్కు అరుగుదల ఉంది. ఎనభై ఏళ్ల వాళ్లలో 96 శాతం. వీళ్లెవరికీ నడుంనొప్పి లేదు. అంటే రిపోర్టులో కనిపించిన ఆ మాట చాలాసార్లు తల నెరవడం లాంటి సంగతి. జుట్టు నెరిసింది కాబట్టి తలనొప్పి వచ్చిందని ఎవరూ అనరు.

ఎవరిని అడిగితే ఏం వస్తుంది?

ఇంట్లోవాళ్లు చెప్పేది వాళ్లకు పనిచేసిన మందు. స్నేహితుడు చెప్పేది తనకు తెలిసిన ఒకే ఒక్క కేసు, అదీ బాగా భయపెట్టినదో బాగా ఆశ్చర్యపరిచినదో. మామూలుగా వచ్చి మామూలుగా పోయిన జలుబు గురించి ఎవరూ కథ చెప్పరు కదా. ఈ జ్ఞాపకాల సంచిలో అరుదైనవే పైకి తేలుతుంటాయి.

ఇంటర్నెట్ ఇదే గుణాన్ని వెయ్యింతలు పెంచింది. తలనొప్పి అని వెతకడం మొదలుపెట్టినవాళ్లు నాలుగైదు క్లిక్కుల్లో మెదడు కణితి దాకా ఎలా చేరతారో 2009లోనే మైక్రోసాఫ్ట్ పరిశోధకులు ఇద్దరు పరిశీలించారు. లక్షణాలు ఎక్కిస్తే జబ్బు పేరు చెప్పే 23 ఉపకరణాలను 2015లో ఒక బృందం పరీక్షించింది. అసలు జబ్బును జాబితాలో మొదటి స్థానంలో చూపించింది 34 శాతం సార్లే. ఎంత తొందరగా వెళ్లాలన్న సలహా సరిపోయింది 57 శాతం సార్లు. అందులోనూ అత్యవసర కేసుల్లో 80 శాతం దాకా సరిగ్గా చెప్పాయి. ఇంట్లోనే ఉండి తగ్గించుకోదగ్గ కేసుల్లో అది 33 శాతానికి పడిపోయింది. ఆ 33 దగ్గరే అసలు కథ ఉంది. తప్పు చేస్తే భయపెట్టే వైపే చేయాలని వాటిని తయారుచేసినవాళ్లు అనుకుని ఉంటారు. అది సబబే. కానీ ప్రతి జలుబుకూ డాక్టరును చూడమనే సలహాదారు సలహా చెప్పినట్టా, తప్పించుకున్నట్టా?

ఇప్పుడు మాటల్లోనే జవాబిచ్చే చాట్‌బాట్‌లు వచ్చాయి. చక్కగా రాస్తాయి, ఓపిగ్గా రాస్తాయి. వాటితో చిక్కు ఏమిటంటే అడిగినవాడు చెప్పిన నాలుగు ముక్కలనే మొత్తం సంగతిగా తీసుకుని జవాబు అల్లేసే వీలు ఎక్కువ. రక్తం పలచబడే మందు వాడుతున్న సంగతి అడిగినవాడు చెప్పకపోతే జవాబులో అది ఉండదు. అలాంటి చోట "ఇంకా ఏ వివరాలు కావాలో ముందు నన్ను అడుగు" అని ఎదురు ప్రశ్నలు రప్పించుకోవడం మంచి పద్ధతి.

మందుల షాపులో చదువుకున్న ఫార్మసిస్టు ఉంటే ఆ మనిషిని జనం వాడుకోవలసినంతగా వాడుకోరు. జబ్బు గుర్తించడం ఆయన పని కాదు, నిజమే. కానీ ఇప్పటికే వేసుకుంటున్న మందుతో కొత్తది పడుతుందా, రెండింటిలో ఒకే సరుకు ఉందా అన్నవి చాలాసార్లు డాక్టరు కంటే ఆయనకే ముందు తట్టే సంగతులు.

దీనికి ఒక చిన్న ఉదాహరణ. జ్వరం, ఒళ్లునొప్పులు. ఇంట్లో ఉన్న పారాసెటమాల్ 500 మిల్లీగ్రాముల మాత్రలు, పూటకు రెండు చొప్పున రోజుకు నాలుగుసార్లు. అప్పటికే 4,000 మిల్లీగ్రాములు. పెద్దవాళ్లకు మామూలుగా చెప్పే గరిష్ఠ పరిమితి రోజుకు నాలుగు గ్రాములు, అక్కడికి లెక్క నిండిపోయింది. ముక్కు దిబ్బడకని జలుబు మాత్ర ఒకటి, రోజుకు మూడు. అట్ట వెనక చిన్న అక్షరాల్లో చూస్తే దానిలోనూ 500 పారాసెటమాల్. 5,500 అయింది. రాత్రి నిద్ర పట్టడానికని ఇచ్చిన సిరప్‌లోనూ అదే ఉంటే మరికొంత. వేసుకున్న మనిషి దృష్టిలో ఇవి మూడు వేర్వేరు బాధలకు మూడు వేర్వేరు మందులు. కాలేయానికి మాత్రం ఒకటే మందు. మద్యం అలవాటు ఉన్నవాళ్లకు, బాగా బక్కగా ఉన్నవాళ్లకు ఆ నాలుగు గ్రాములే ఎక్కువ కావచ్చు. పైగా మోతాదు మించిన మొదటి రోజు మనిషికి పెద్దగా తేడా తెలియదు. కామెర్లు కనిపించేసరికి కాలేయం దెబ్బతిని ఉంటుంది.

మిగతావి క్లుప్తంగా. ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు అల్సర్ ఉన్నవాళ్లకు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు, నెలలు నిండుతున్న గర్భిణులకు పనికిరావు. డెంగీ అనుమానం ఉంటే అవీ వద్దు, ఆస్పిరినూ వద్దు. పిల్లల జ్వరానికి ఆస్పిరిన్ ఇవ్వకూడదన్నది దశాబ్దాల నాటి హెచ్చరిక. ముక్కు దిబ్బడ వదిలించే చుక్కల మందు అయిదు రోజులు దాటి వాడితే ఆ మందే మళ్లీ దిబ్బడ తెచ్చిపెడుతుంది. తలనొప్పి మాత్రలదీ అదే వరస. నెలలో సగం రోజులు మాత్ర మీదే గడుస్తుంటే, కొన్ని నెలలకు తలనొప్పికి ఆ మాత్రే కారణం కావచ్చు.

చెప్పడంలో ఉన్న పని

బ్రిటన్‌లో 1975లో ఒక బృందం కొత్తగా వచ్చిన 80 మంది ఔట్‌పేషెంట్లను గమనించింది. రోగి చెప్పింది విన్నాక డాక్టరు ఒక అంచనా రాసుకోవాలి, ఒళ్లు పరీక్షించాక మరొకటి, పరీక్షల ఫలితాలు వచ్చాక ఇంకొకటి. చివరికి తేలిన జబ్బుతో పోల్చి చూస్తే 66 మంది విషయంలో మాటలు విన్నప్పటి అంచనాయే సరిపోయింది. ఒళ్లు చూడటం వల్ల అంచనా మారింది ఏడుగురికి, ల్యాబ్ పరీక్షల వల్ల మరో ఏడుగురికి.

అంత విలువైన మాటలకు దొరికే సమయం ఎంత? 1984 నాటి ఒక పేరున్న అమెరికన్ పరిశీలనలో డాక్టర్లు సగటున 18 సెకన్లకు రోగి మాటకు అడ్డం వచ్చారు. విననిస్తే గంటసేపు చెబుతారన్న భయం దీని వెనక ఉంటుంది. 2002లో స్విట్జర్లాండ్‌లో అడ్డుపడకుండా వదిలేసి గడియారం పెట్టి చూశారు. రోగులు సగటున 92 సెకన్లలో ముగించారు. పదిమందిలో దాదాపు ఎనిమిదిమందికి రెండు నిమిషాలు చాలింది.

కాబట్టి రెండు నిమిషాల్లో ఏం చెప్పాలన్నది ఇంట్లోనే తేల్చుకుని వెళ్లడం మేలు. ఇక్కడ మాటలు మోసం చేస్తాయి. "కళ్లు తిరుగుతున్నాయి" అన్న మాటనే తీసుకుంటే, తెలుగులో దీని కింద కనీసం మూడు వేర్వేరు బాధలు తలదాచుకుంటాయి. పక్క మీద అటు నుంచి ఇటు తిరగగానే గది మొత్తం గిర్రున తిరగడం ఒకటి. ఇది తరచు లోపలి చెవికి సంబంధించినది. కూర్చున్న చోటు నుంచి లేవగానే కళ్లు చీకట్లు కమ్మి పడిపోబోవడం రెండోది. అక్కడ బీపీ మందునో, రక్తం తక్కువ కావడాన్నో, గుండెనో చూడాలి. తలలో ఏమీ లేకుండా నడకలో మాత్రం తూలిపోవడం మూడోది. మూడింటికీ ఒకే మాట, ఒకే మాత్ర. చెప్పేటప్పుడు పేరు పెట్టకుండా జరిగింది జరిగినట్టు చెబితే ఈ గజిబిజి ఉండదు. "వర్టిగో వచ్చింది" అనే కన్నా "ఎడమ పక్కకు ఒత్తిగిలితే గది తిరుగుతోంది, అర నిమిషంలో ఆగుతోంది" అన్నది వినేవాడికి ఎన్నో రెట్లు ఉపయోగం.

"నీరసం" కూడా అంతే. కండరాల్లో బలం లేదా, నాలుగు అడుగులకే ఆయాసమా, ఏ పని మీదా మనసు లేదా? "గ్యాస్" అనే మాట వీటన్నిటికన్నా ప్రమాదకరం. పొట్ట ఉబ్బరమూ గ్యాసే, త్రేన్పులూ గ్యాసే, ఛాతీ మధ్యలో రాయి పెట్టినట్టు బరువుగా ఉండి చెమటలు పట్టడం కూడా చాలామంది నోట గ్యాసే. ఆ మూడోదాన్ని సోడానో యాంటాసిడో తాగి రెండు గంటలు చూసినవాళ్లలో కొందరికి పోయినవి గుండె కండరానికి దక్కవలసిన రెండు గంటలు.

చెప్పేవాళ్లలో ఇంకో అలవాటు ఉంది. అసలు భయాన్ని ఆఖరున చెప్పడం. జలుబు గురించి పది నిమిషాలు మాట్లాడి, తలుపు దగ్గరకు వెళ్లి, "అన్నట్టు, మొన్న మలంలో కాస్త రక్తం కనిపించింది" అంటారు. డాక్టర్లందరికీ ఈ తలుపు దగ్గరి మాట అనుభవమే. సిగ్గు వల్ల ఆగిన మాట అది, లేదా చెబితే నిజమైపోతుందేమోనన్న బెదురు. ఏది చెప్పడానికి నోరు రావడం లేదో దాన్నే మొదటి వాక్యంగా కాగితం మీద రాసుకుని, అవసరమైతే ఆ కాగితాన్నే చేతికిచ్చినా తప్పు లేదు.

ఎదురుచూడకూడనివి

గడువు పద్ధతి వర్తించని చోట్లు కొన్ని ఉన్నాయి. వాటి దగ్గర ఎవరినీ సలహా అడగకూడదు, నేరుగా అత్యవసర విభాగానికే. ఛాతీలో బరువు దవడకో చేతికో పాకడం, చెమటలు, ఊపిరి అందకపోవడం. ఆడవాళ్లలో, షుగర్ ఉన్నవాళ్లలో నొప్పి లేకుండా ఆయాసం, వికారం మాత్రమే ఉండవచ్చు. ఉన్నట్టుండి మూతి ఒక పక్కకు లాగడం, ఒక చేయి పడిపోవడం, మాట ముద్దగా రావడం. ఇవి పక్షవాతం గుర్తులు, అందులో రక్తపు గడ్డను కరిగించే మందు ఇవ్వడానికి సాధారణంగా ఉన్న వ్యవధి లక్షణాలు మొదలైనప్పటి నుంచి నాలుగున్నర గంటలే, అందువల్ల "పడుకుని లేస్తే పోతుంది" అన్న మాటకు ఇక్కడ చోటు లేదు. పిడుగు పడ్డట్టు ఒక్క క్షణంలో శిఖరానికి చేరే తలనొప్పి. జ్వరంతో పాటు మెడ బిగుసుకుపోవడం. నడుంనొప్పితో పాటు మూత్రం మీద అదుపు తప్పడం, కూర్చునే చోట తిమ్మిరెక్కడం.

కొందరి విషయంలో గడియారమే వేరు. మూడు నెలల లోపు పసికందుకు 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారెన్‌హీట్ జ్వరం వస్తే అది మామూలు జ్వరం లెక్కలోకి రాదు, ఆ పూటే చూపించాలి. గర్భిణులు, కీమోథెరపీ తీసుకుంటున్నవాళ్లు, అవయవ మార్పిడి అయినవాళ్లు, బాగా పెద్దవయసు వాళ్లకు కూడా ఇంటి సలహాల పరిధి చిన్నది. వృద్ధుల్లో ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్ దగ్గూ జ్వరమూ లేకుండా, కేవలం ఉన్నట్టుండి తికమకగా మాట్లాడటంతో బయటపడటం అరుదేమీ కాదు.

నెమ్మదిగా వచ్చే ప్రమాద సూచనలూ ఉన్నాయి, వీటికి అంబులెన్సు అక్కర్లేదు, అశ్రద్ధ మాత్రం కూడదు. తగ్గే దారి పట్టకుండా రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే, క్షయ ఉన్న ప్రాంతాల్లో కళ్లె పరీక్ష చేయించాలి. ప్రయత్నించకుండానే బరువు తగ్గడం, రాత్రిళ్లు పక్క తడిసేంత చెమట, మానని పుండు, యాభై దాటాక మొదటిసారి మొదలైన కొత్త రకం తలనొప్పి ఈ కోవలోవే. పద్దెనిమిది రోజుల సగటు దగ్గుకూ రెండు వారాల హెచ్చరికకూ మధ్య ఒక వైరుధ్యం కనిపిస్తుంది. నిజానికి లేదు. ఒకటి రోజురోజుకూ కాస్త కాస్త తగ్గుతూ సాగే దగ్గు. రెండోది నిలకడగానో పెరుగుతూనో, జ్వరాన్నో రక్తపు చారనో వెంటబెట్టుకుని వచ్చేది. రోజుల సంఖ్య ఎంత ముఖ్యమో అది ఏ దిశగా నడుస్తోందన్నదీ అంతే ముఖ్యం. తగ్గి మళ్లీ తిరగబెట్టిన జ్వరాన్ని డాక్టర్లు అంత సీరియస్‌గా తీసుకునేది కూడా అందుకే.

మూడు ప్రశ్నలు

డాక్టరు చెప్పిన మాటకు కూడా గడువు ఉండాలన్న ఆలోచనకు 1987లో బ్రిటన్‌లోని రోజర్ నైబర్ అనే కుటుంబ వైద్యుడు ఒక రూపం ఇచ్చాడు. రోగిని ఇంటికి పంపేముందు వైద్యుడు తనను తాను మూడు ప్రశ్నలు వేసుకోవాలన్నాడు. నా అంచనా సరైతే ఇక ఏం జరగాలి? తప్పయితే నాకు ఎలా తెలుస్తుంది? అప్పుడు ఏం చేయాలి? వైద్య విద్యలో దీన్ని సేఫ్టీ నెట్టింగ్ అంటున్నారు. తాడు మీద నడిచేవాడి కింద కట్టే వల లాంటిది.

వైద్యుడి కోసం తయారైన ఈ మూడు ప్రశ్నలు అడిగేవాడి చేతిలో మరింత బాగా పనిచేస్తాయి. ఫీజు కట్టిన డాక్టరునే కాదు, మందుల షాపు మనిషినీ, చాట్‌బాట్‌నీ, సలహా ఇవ్వడానికి ఉబలాటపడుతున్న బంధువునూ అడగవచ్చు. "తగ్గిపోతుంది లెండి" అన్న జవాబుకూ "వారంలో తగ్గాలి, మూడో రోజు తర్వాత జ్వరం పెరిగితే వెంటనే రండి" అన్న జవాబుకూ ఉన్న తేడా ఓదార్పుకూ సలహాకూ ఉన్న తేడా. రెండో రకం జవాబు ఇవ్వలేని మనిషి ఎంత నమ్మకంగా మాట్లాడినా, ఆ మాట దగ్గర కాస్త ఆగడమే మంచిది.

1997లో బ్రిటన్‌లో గొంతునొప్పి మీద జరిగిన ఒక పరీక్ష ఈ గడువు ఎంత పని చేస్తుందో చూపించింది. కొందరికి యాంటీబయాటిక్ వెంటనే ఇచ్చారు. కొందరికి ఇవ్వలేదు. మిగతావాళ్లకు "మూడు రోజుల్లో తగ్గడం మొదలవకపోతే వచ్చి తీసుకోండి" అన్నారు. ఈ మూడో బృందంలో మందు దాకా వెళ్లింది 31 శాతమే. మిగతావాళ్లకు మందు అందుబాటులోనే ఉంది, అయినా అక్కర్లేకపోయింది.

సలహా అడిగేవాళ్లమే కాదు, ఎక్కువసార్లు సలహా చెప్పేవాళ్లం కూడా మనమే. ఆ వెయ్యిమంది లెక్కలో అటువైపు కూర్చున్నదీ మనమే. ఎవరైనా వచ్చి "రెండు వారాలుగా ఒకటే దగ్గు, ఏం వేసుకోమంటావు?" అంటే నాలుక చివర సిద్ధంగా ఉన్న మందు పేరును ఒక్క క్షణం ఆపి, "మొదలైంది ఏ తారీఖు?" అని అడిగి చూడాలి. చాలామందికి తెలియదు. వేళ్ల మీద లెక్కపెట్టుకుంటారు, పక్కనున్నవాళ్లను అడుగుతారు, ఫోన్లో ఏదో మెసేజ్ వెతుకుతారు. ఆఖరికి లెక్క తేలుతుంది. "రెండు వారాలు కాదులే, తొమ్మిది రోజులు. మొన్నటికన్నా కాస్త నయమే."